నోరులేని అవయవము: కొరోనా జ్వరము, మూత్రపిండములు



2020వ సంవత్సరమునకు పూర్వము గృహస్థుల యిండ్లలో జ్వరము చూచుకొనుటకు థర్మామీటరు ఉండెడిది. పెద్దవారున్న యిండ్లలో రక్తపోటు చూచు యంత్రము కూడ ఉండెడిది. ఆ సంవత్సరము నుండి వీనికి తోడుగా వ్రేలికి తగిలించుకొను చిన్న పెట్టె యొకటి వచ్చి చేరినది. దాని పేరు ఆక్సీమీటరు. ప్రభుత్వోద్యోగుల కాలనీలలో తొంబదియైదు, తొంబదిమూడు అను అంకెలు ఆ దినములలో కుశలప్రశ్నకు బదులుగా వినవచ్చెడివి. కొరోనా జ్వరము ఊపిరితిత్తుల వ్యాధి యని లోకమంతయు గ్రహించినది. ఆ గ్రహింపులో తప్పు లేదు. ప్రాణములు ఎక్కువగా పోయినది ఆ దారినే. కాని వ్యాధి అక్కడితో ఆగలేదు. గుండెను, మెదడును, రక్తనాళములను కూడ తాకినది. అది తాకిన అవయవములలో అతి తక్కువగా చెప్పుకొనబడినవి, నడుమునకు పైభాగమున వెన్నెముకకు ఇరుప్రక్కల ఒదిగియున్న మూత్రపిండములు. వానికి తగిలిన దెబ్బను తెలుపు పెట్టె యేదియు వ్రేలికి తగిలించుకొనుటకు లేదు.

ఊపిరితిత్తులకు కష్టము కలిగినచో దగ్గు వచ్చును, ఆయాసము వచ్చును. గుండెకు కష్టము కలిగినచో రొమ్ము నొచ్చును. మూత్రపిండము మాత్రము నోరులేని అవయవము. దాని శక్తిలో సగము పోయినను మనిషి తిని, తిరిగి, కార్యాలయమునకు పోయి సంతకము చేయుచునే యుండును. చాప క్రింద నీరు అను మాటకు శరీరములో ఇంతకంటె తగిన ఉదాహరణము లేదు. అందుచేతనే ఆ మహామారి సృష్టించిన కోలాహలములో దాని మాట ఎవరికిని వినబడలేదు.

అది చేయు పని తెలిసికొన్నగాని దానికి కలిగిన నష్టము బోధపడదు. ఒక్కొక్క మూత్రపిండము పిడికిలియంత యుండును. బరువు సుమారు 150 గ్రాములు. రెండును కలిసి శరీరపు బరువులో రెండువందలవ వంతునకు మించవు. అయినను గుండె నిమిషమునకు పంపు అయిదు లీటర్ల రక్తములో లీటరుకు పైగా వీనికే పోవును. ఇంత చిన్న శాఖకు ఇంత పెద్ద పద్దును ఏ ఆర్థిక మంత్రిత్వ శాఖయు మంజూరు చేయదు. శరీరము మాత్రము దినదినమును మంజూరు చేయుచున్నది.

ఒక్కొక్క మూత్రపిండములో సుమారు పది లక్షల నెఫ్రానులు ఉండును. ప్రతి నెఫ్రానుకు తలవైపున వెండ్రుకకంటె సన్ననైన రక్తనాళముల కుచ్చు ఒకటి, దానిని అంటి మెలికలు తిరిగిన సూక్ష్మమైన గొట్టము ఒకటి ఉండును. కుచ్చు జల్లెడ వంటిది. రక్తకణములను, మాంసకృత్తులను లోపలనే నిలిపి, నీటిని, అందులో కరగిన లవణములను, చక్కెరను, మలినములను వడగట్టి గొట్టములోనికి విడుచును. ఇట్లు వడియు నీరు దినమునకు 180 లీటర్లు. అది అంతయు బయటికి పోయినచో మనిషి గడియలలో ఎండిపోవును. అందుచేత గొట్టము ఆ నీటిలో కావలసిన దానినంతయు తిరిగి రక్తములోనికి పీల్చుకొనును. తుదకు మూత్రముగా మిగులునది లీటరున్నర.

సచివాలయములో పని చేయువారికి ఈ పద్ధతి వింతగా తోచవచ్చును. కార్యాలయములలో పనికిరాని కాగితములను ఏరి పారవేయుదురు. మూత్రపిండము అట్లు చేయదు. బల్లపై నున్న కాగితములన్నింటిని ఒక్కమారుగా వాకిట పెట్టి, కావలసిన వానిని ఒక్కొక్కటిగా లోనికి తెచ్చుకొనును. రక్తములోని ద్రవభాగము సుమారు మూడు లీటర్లు మాత్రమే గనుక, ఈ తతంగము దినమునకు అరువది మారులు జరుగుచున్నదన్నమాట. వృథాశ్రమ వలె కనబడునుగాని ఇందులో గొప్ప వివేకమున్నది. ఎన్నడును ఎరుగని విషము రక్తములో ప్రవేశించినను, పేరు తెలియని ఆ పదార్థమును గొట్టము లోనికి పిలువదు గనుక, అది వాకిటనే ఉండిపోవును.

ఈ వివేకమునకు వెల యున్నది. తిరిగి పీల్చుకొను పనికి గొట్టపు గోడలలోని కణములు ప్రాణవాయువును విశేషముగా ఖర్చు చేయును. అందులోను కొన్ని గొట్టములు మూత్రపిండపు లోపలి భాగమున, ప్రాణవాయువు ముందే కొరతగా నుండు చోట పని చేయుచున్నవి. రక్తపు ప్రవాహము కొంత తగ్గినను, రక్తములో ప్రాణవాయువు కొంత తరగినను, ముందుగా సొలయునది ఈ కణములే.

వైద్యులు ఈ యంత్రాంగపు క్షేమమును రెండు గుర్తులచే తెలిసికొందురు. జల్లెడ చినిగినచో మాంసకృత్తులు, రక్తకణములు మూత్రములో కనబడును. పని తగ్గినచో కండరముల నుండి వచ్చు క్రియాటినిన్ అను మలినము రక్తములో పేరుకొనును. ఇక ముందు చెప్పబోవు వృత్తాంతమంతయు ఈ రెండు గుర్తులతోనే నడచును.

కొరోనా జాతి వైరసులు 2019లో పుట్టినవి కావు. మనుష్యులకు జలుబు కలిగించు వైరసులలో ఈ జాతివి ఉన్నవని 1960ల నడుమ ఇంగ్లండులో కనుగొనిరి. స్కాట్లండు దేశీయురాలు జూన్ అల్మేడా వానిని ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చిత్రించినారు. అంచుల చుట్టును కాంతివలయము వంటి ఆకారము కనబడుటచే 1968లో వానికి కిరీటార్థకమైన ఆ పేరు వచ్చినది. జలుబు వైరసే గదా యని లోకము చాలకాలము వానిని పెద్దగా పట్టించుకొనలేదు.

2003లో సార్స్ వచ్చినది. హాంకాంగు వైద్యులు 536 మంది రోగుల వృత్తాంతములను పరిశీలించి చూడగా, వారిలో 36 మందికి, అనగా నూటికి ఏడుగురికంటె కొంచెము తక్కువగా, మూత్రపిండములు హఠాత్తుగా దెబ్బతిన్నట్లు తేలినది. ఆ సంఖ్య చిన్నదే. కాని ఆ 36 మందిలో 33 మంది మరణించిరి. ఆసుపత్రిలో చేరిన దినమున వారి మూత్రపిండములు చక్కగా నుండెను. చెడినది చాల దినములకు. మరణించినవారి మూత్రపిండములను పరీక్షింపగా గొట్టముల కణములు నశించియుండెను గాని వైరస్ జాడ కనబడలేదు. ఈ చివరి మాటను గుర్తుంచుకొనవలెను. దానితో తరువాత పని యున్నది.

2012 జూన్‌లో సౌదీ అరేబియాలోని జెడ్డా నగరపు ఆసుపత్రిలో అరువదేండ్ల వృద్ధుడొకడు న్యుమోనియాతో చేరెను. పదునొకండు దినములకు ఊపిరితిత్తులు, మూత్రపిండములు రెండును పనిచేయుట మాని మరణించెను. అతని కఫములో అలీ మొహమ్మద్ జాకీ అను ఈజిప్టు శాస్త్రజ్ఞుడు కనుగొన్న క్రొత్త కొరోనా వైరసుకే తరువాత మెర్స్ అను పేరు వచ్చినది. అనగా ఆ వ్యాధి లోకమునకు పరిచయమైన మొట్టమొదటి రోగియందే మూత్రపిండముల పాత్ర కనబడినది. రెండు మారులు హెచ్చరిక వచ్చినను, ఆ రెండు వ్యాధులును కొలది దేశములతో సరిపెట్టుకొనుటచే, హెచ్చరిక గ్రంథాలయములలోనే ఉండిపోయినది.

మూడవ మారు అట్లు జరుగలేదు. 2020 ప్రారంభమున వూహాన్ నగరపు ఆసుపత్రిలో చేరిన 701 మందిని పరీక్షింపగా, చేరునప్పటికే నూటికి 44 మందికి మూత్రములో మాంసకృత్తులు, 27 మందికి రక్తకణములు కనబడినవి. ఆ తరువాత హఠాత్తుగా మూత్రపిండములు దెబ్బతిన్నవారు నూటికి అయిదుగురు. చేరుసరికే మూత్రపిండములలో లోపము కనబడినవారిలో మరణములు అధికముగా ఉండెను. చైనా నుండి వచ్చిన ఈ లెక్కలలో అయిదు అను అంకెను చూచి పాశ్చాత్యులు కొంత ఊరట పొందిరి. ఆ ఊరట రెండు మాసములైనను నిలువలేదు.

2020 మార్చి 1 నుండి ఏప్రిల్ 5 వరకు న్యూయార్కు ప్రాంతమందలి పదమూడు ఆసుపత్రులలో చేరిన 5,449 మందిలో 1,993 మందికి మూత్రపిండములు హఠాత్తుగా చెడినవి. నూటికి ముప్పదియారుగురికి పైగా! వెంటిలేటరు అను శ్వాసయంత్రముపై ఉంచబడినవారిలో నూటికి తొంబది మందికి ఈ దురవస్థ పట్టినది. దెబ్బతిన్నవారిలో ఏడుగురికి ఒకరి చొప్పున డయాలిసిస్ కావలసివచ్చినది. శ్వాసయంత్రములు చాలునా చాలవా యని దేశాధినేతలు వాదించుకొనుచుండగా, ఆ నగరపు వైద్యులు మరియొక కొరతను ఎదుర్కొనిరి. డయాలిసిస్ యంత్రములు చాలలేదు. వానికి కావలసిన ద్రవము చాలలేదు. వానిని నడుపనేర్చిన నర్సులు అంతకంటెను చాలలేదు. రోగుల రక్తము త్వరగా గడ్డకట్టు స్వభావము పొందియుండుటచే యంత్రపు వడపోతగొట్టములు పదేపదే మూసికొనిపోయినవి. ఒకే యంత్రమును ఒక రోగి నుండి మరియొక రోగికి వంతులవారీగా త్రిప్పిరి. కడుపులోనికి ద్రవమును నింపి తీయు పాత పద్ధతిని, అత్యవసర రోగులకు ఆ నగరము మరచియున్న దానిని, తిరిగి అమలులో పెట్టిరి.

డయాలిసిస్ యంత్రము సైతము ఒక కరవుకాలపు సృష్టియే యనుట ఇచ్చట అప్రస్తుతము కాదు. జర్మనులు ఆక్రమించిన హాలండులో, కాంపెన్ అను చిన్న పట్టణమున, విల్లెం కోల్ఫ్ అను యువవైద్యుడు 1943లో మాంసపు సాసేజీలకు తొడుగుగా వాడు సెలోఫేను గొట్టమును కొయ్య పీపాకు చుట్టి మొదటి కృత్రిమ మూత్రపిండమును నిర్మించెను. మొదటి రోగులు దాదాపు అందరును మరణించిరి. 1945లో అరువదియేడేండ్ల స్త్రీ యొకతె దానివలన బ్రతికినది. ఆమెతో ప్రారంభమైన విద్య నేడు మన జిల్లా ఆసుపత్రులలో సైతము లభించుచున్నది.

ఇక, ఈ వైరస్ మూత్రపిండమును ఏ విధమున చెరచుచున్నది? ఈ ప్రశ్నకు మొదట వచ్చిన సమాధానము చాల సులభముగా నుండెను. వైరస్ మన కణములోనికి ప్రవేశించుటకు ఏస్-2 అను మాంసకృత్తును ద్వారముగా వాడుకొనును. ఆ ద్వారములు ఊపిరితిత్తులలో కంటె మూత్రపిండపు గొట్టముల కణములపై సమృద్ధిగా నున్నవి. కావున వైరస్ అక్కడికి పోయి, లోపల దూరి, కణములను చంపుచున్నదని చెప్పిరి. 2020లో కొందరు వైద్యులు మృతుల మూత్రపిండములలో వైరస్ కణములను కన్నులార చూచితిమని ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రములతో ప్రకటించిరి. కాని ఆ విద్యలో తల నెరసినవారు కొందరు ఆ చిత్రములను చూచి, ఇవి వైరసులు గావు, ప్రతి కణములోను సహజముగా నుండు చిన్న తిత్తులని ఆక్షేపించిరి. ఆక్షేపణ చాలవరకు న్యాయమైనదే. ద్వారమున్న ప్రతి యింటిలోను దొంగ దూరియుండవలెనను నియమము లేదు గదా! పిమ్మట ఇతర పద్ధతులతో వెదకినప్పుడు కొందరు మృతుల మూత్రపిండములలో వైరస్ జాడలు నిజముగనే దొరికినవి. అందుచేత సూటియైన దాడి కొందరిలో జరుగుననియు, అత్యధికులలో మాత్రము మూత్రపిండము ఇతర అవయవముల కష్టము వలననే చెడుననియు నేటి వైద్యుల అభిప్రాయము. హాంకాంగులో 2003లోనే కనబడిన సత్యము ఇదియే.

మూత్రపిండము తనది కాని దెబ్బకు బలియగుట వైద్యచరిత్రలో క్రొత్తది కాదు. 1941లో లండను నగరముపై బాంబులు పడుచున్న కాలమున కూలిన గోడల క్రింద కాళ్లు నలిగిన మనుష్యులను వెలికి తీసెడివారు. వారు ఆసుపత్రిలో తేరుకొన్నట్లే కనబడి, వారము తిరుగునప్పటికి మూత్రము బందై మరణించెడివారు. నలిగినది కాలు, పోయినది మూత్రపిండము. ఎరిక్ బైవాటర్స్, డెస్మండ్ బీల్ అను వైద్యులు ఈ సంబంధమును గుర్తించి ప్రకటించిరి. నలిగిన కండరముల నుండి రక్తములోనికి చేరిన పదార్థము గొట్టములను మూసివేయుచున్నదని తరువాత తేలినది. కొరోనా జ్వరమున సైతము కొందరిలో కండరములు కరగి ఇదే ప్రమాదము సంభవించినది.

అది ఒక దారి మాత్రమే. పలు దారులు ఒక్కసారిగా తెరచుకొనుటయే ఈ వ్యాధి ప్రత్యేకత. రోగి నాలుగు దినములు జ్వరముతో అన్నపానములు మానును, విరేచనములును తోడగును. శరీరములో నీరు తగ్గి మూత్రపిండమునకు పోవు రక్తము సన్నగిల్లును. ఊపిరితిత్తులు చెడి రక్తములో ప్రాణవాయువు తరగును. వైరసును ఎదుర్కొన వచ్చిన శరీర రక్షణదళములు హద్దు మీరి, శత్రువు లేని వీథులలో కూడ నిప్పు పెట్టును, రక్తపోటు పడిపోవును. సూక్ష్మమైన రక్తనాళములలో రక్తము గడ్డకట్టి జల్లెడ కుచ్చులను మూయును. ప్రాణము నిలుపుటకు పెట్టిన శ్వాసయంత్రము రొమ్ములో ఒత్తిడి పెంచి గుండెకు తిరిగివచ్చు రక్తమును తగ్గించును. ఆ తగ్గుదలయు తుదకు మూత్రపిండము ఖాతాలోనే వ్రాయబడును. ఆఫ్రికా సంతతివారిలో కొందరికి మరియొక ప్రత్యేక ప్రమాదమున్నది. పూర్వము నిద్రావ్యాధి నుండి వారిని కాపాడిన జన్యురూపమొకటి తల్లి నుండియు తండ్రి నుండియు సంక్రమించినచో, ఈ జ్వరము వచ్చినప్పుడు జల్లెడ కుచ్చులే కూలిపోవచ్చును. మన దేశీయులకు దానితో పెద్దగా ప్రసక్తి లేదు.

మన దేశమునకు ప్రసక్తి గల మాట మందులను గూర్చినది. 2021 ఏప్రిల్, మే మాసములలో, ఆసుపత్రులలో పడకలు దొరకక, ప్రాణవాయువు దొరకక, మన ప్రజలు ఫోనులో వచ్చిన ఔషధపత్రములను నమ్మి ఇంటనే వైద్యము చేసికొనిరి. వారిని తప్పుపట్టుటకు మనసొప్పదు. కాని ఆ పత్రములు వ్రాసినవారు మూత్రపిండమును తలచినట్లు కనబడదు. ఒళ్లు నొప్పులకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వాడిరి. మూత్రపిండమునకు రక్తము తగ్గినప్పుడు అది లోనికి వచ్చు రక్తనాళమును వెడల్పు చేసికొని ఎట్లో నెట్టుకొని వచ్చును. ఈ మాత్రలు ఆ నాళమును ఇరుకు చేయును. నీరు తగ్గిన శరీరమునకు ఇవి ఇచ్చుట గోరుచుట్టుపై రోకటిపోటు. జ్వరమునకు పారాసిటమాల్ మితముగా వాడుటలో ఆ ప్రమాదము లేదు. విటమిన్ సి బలమిచ్చునని గుప్పెళ్లతో మ్రింగినవారు కలరు. మితిమీరిన విటమిన్ సి శరీరములో ఆక్సలేటుగా మారి, గొట్టములలో స్ఫటికములై అడ్డుపడును. రోజుకొక నిమ్మకాయ పిండుకొన్నవారికి ఈ చిక్కు రాలేదు.

ఇంతకంటె దారుణమైనది నల్ల ఫంగస్ అని జనులు పిలిచిన వ్యాధి. దాని పుట్టుకయే ఒక గొలుసుకట్టు. ఊపిరితిత్తులను కాపాడుటకు స్టెరాయిడ్లు ఇచ్చిరి. తీవ్రరోగులకు అవి ప్రాణదాతలే. కాని కావలసినదానికంటె ముందుగాను, ఎక్కువ దినములును వాడినచో రక్తములో చక్కెర పెరుగును. మధుమేహము ముందే విస్తారముగా నున్న మన దేశములో అది మరింత పెరిగినది. చక్కెర పెరిగిన శరీరములో, గాలిలో ఎల్లప్పుడు నుండు బూజు ముక్కులోను కంటిలోను పాతుకొన్నది. 2021 మే 20వ తేదీన కేంద్ర ప్రభుత్వము దీనిని తప్పక తెలుపవలసిన వ్యాధిగా ప్రకటింపుడని రాష్ట్రములను కోరినది. హైదరాబాదులోని కోఠీ చెవి ముక్కు గొంతు ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయినది. దీనికి ముఖ్యమైన మందు ఆంఫోటెరిసిన్. ఆ మందు బూజును చంపును. కాని మూత్రపిండపు రక్తనాళములను ముడిచి, గొట్టములను గాయపరచి, శరీరములోని పొటాషియమును బయటికి పంపును. క్రొవ్వుపొరలో పొదిగి తయారు చేసిన రకము మూత్రపిండమునకు కొంత దయ చూపును. కాని ఆ దినములలో అది దొరకక, వెల భరింపలేక, అనేకులు పాత రకముతోనే సరిపెట్టుకొనవలసి వచ్చినది. కన్ను పోవునా, మూత్రపిండము పోవునా, ప్రాణము పోవునా యను లెక్క వైద్యులు దినదినమును క్రియాటినిన్ అంకె చూచుచు వేసికొనిరి. ఊపిరితిత్తులు బాగుపడి ఇల్లు చేరిన మనిషి తిరిగి వచ్చి మూత్రపిండము పోగొట్టుకొనుట ఈ గొలుసులో చివరి కొక్కెము.

జ్వరము రాకయే ఆ మహామారి వలన నష్టపోయినవారు మరియొక వర్గము. వారు అంతకు ముందే డయాలిసిస్‌పై బ్రతుకుచున్నవారు. 2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు స్తంభించినవి. మన దేశములో డయాలిసిస్ రోగులలో పెక్కుమంది వారమునకు రెండు మారులు ఆసుపత్రికి పోవలసినవారు. బస్సులు లేవు, రైళ్లు లేవు. అద్దెబండికి అనుమతిపత్రము కావలెను. అది సంపాదించి పోయినచో, కొన్ని కేంద్రములు సిబ్బందికి జ్వరము సోకి మూతపడియుండెను; కొన్నిట ముందుగా కొరోనా పరీక్ష చేయించి రమ్మనిరి. పరీక్ష ఫలితమునకు పట్టు కాలము రెండు దినములు. రోగి రక్తములో మలినములు రెండు దినములు ఆగవు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2020 ఏప్రిల్‌లో డయాలిసిస్ కొనసాగించు విధానమును గూర్చి ఉత్తర్వులు జారీ చేసినది. ఉత్తర్వు రాజధానిలో సంతకమగుటకును, దూరపు పల్లెలో బండి కదలుటకును నడుమ ఎంత దూరమున్నదో ఈ సభలోని వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

దూరపు పల్లె యనగానే తెలుగువారికి స్ఫురించు పేరు ఉద్దానము. శ్రీకాకుళం జిల్లాలో సముద్రతీరమున కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములు గల ఆ ప్రాంతము కొబ్బరితోటలకు, జీడిమామిడి తోటలకు ప్రసిద్ధము. చూచుటకు పచ్చని తోటవలె నుండుటచేతనే దానికి ఆ పేరు. అక్కడ మధుమేహము లేని, రక్తపోటు లేని శ్రమజీవులకు మూత్రపిండములు మెల్లమెల్లగా ఎండిపోవు వ్యాధి దశాబ్దములుగా నున్నది. త్రాగు నీరా, నేలయా, పురుగుమందులా, ఎండలో చాకిరియా, కారణము నేటికిని నిర్ధారణ కాలేదు. ఢిల్లీలో, ముంబయిలో ఉద్యోగములు చేయుచున్న తెలుగు కుటుంబములలో ఆ ప్రాంతపు బంధువులున్నవారు కొందరైనను ఉందురు. సగము చెడిన మూత్రపిండము గలవానికి కొరోనా జ్వరము వచ్చినచో మిగిలిన సగము నిలుచుట కష్టము; రానిచో, ఆసుపత్రికి దారి దొరకుట కష్టము. 2021 మార్చి 1 నుండి అరువదేండ్లు నిండని వ్యాధిగ్రస్తులకు కూడ టీకా వేయనారంభించినప్పుడు, నలువదియైదేండ్లు దాటిన డయాలిసిస్ రోగులకు, మూత్రపిండము మార్పిడి పొందినవారికి ఆ జాబితాలో స్థానమిచ్చుట మంచి నిర్ణయము. మార్పిడి పొందినవారి శరీరము పరాయి అవయవమును తిరస్కరింపకుండ రక్షణదళములను మందులతో అణచియుంచుదురు గనుక, వారికి టీకా వలన కలుగు బలము కూడ ఇతరులకంటె తక్కువ. అదనపు మోతాదులు వారికి అందుకే సూచింపబడినవి. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధులకు 200 పడకల ఆసుపత్రిని, హిరమండలం జలాశయము నుండి ఆ గ్రామములకు వంశధార నీటిని తెచ్చు పథకమును ప్రారంభించిరి. కొరోనాకు పూర్వమే అవి ఉండియున్నచో ఎన్ని ప్రయాణములు తప్పియుండెడివో!

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. వైరస్ మాత్రము పోలేదు. జలుబు రూపమున వచ్చుచు పోవుచు మనతోనే యున్నది. మూత్రపిండముల విషయమున కూడ వ్యవహారము ముగియలేదు. అమెరికాలో మాజీ సైనికులకు వైద్యము చేయు ప్రభుత్వ సంస్థ వారి రికార్డులను పరిశోధకులు తిరుగవేసి 2021లో ఒక పత్రము ప్రకటించిరి. జ్వరము వచ్చి ముప్పది దినములు గడచి బ్రతికియున్న 89,216 మందిని, జ్వరము రాని పదునారు లక్షలకు పైబడినవారితో పోల్చిరి. జ్వరము వచ్చి తగ్గినవారిలో మూత్రపిండముల పని వేగముగా క్షీణించుట అధికముగా కనబడినది. ఆసుపత్రిలో చేరినవారిలో, ముఖ్యముగా తీవ్రచికిత్సా విభాగములో నున్నవారిలో, ఈ క్షీణత ఎక్కువ. ఇంటనే పడుకొని లేచినవారిలో చాల తక్కువ. కాని బొత్తిగా లేకపోలేదు. ఆ సైనికులు ఎక్కువ భాగము పెద్దవయసు పురుషులు గనుక ఆ లెక్కను యువతీయువకులకు యథాతథముగా అన్వయింపరాదు.  రికార్డు ఉండుటచేతనే సంగతి బయటపడినది.

దెబ్బతిన్న గొట్టపు కణములు తిరిగి మొలచు శక్తి గలవి. అందుచేతనే తీవ్రచికిత్సలో డయాలిసిస్ పొందినవారిలో బ్రతికి బయటపడినవారు పెక్కుమంది యంత్రపు అవసరము లేకుండ ఇల్లు చేరిరి. నశించిన నెఫ్రాను మాత్రము తిరిగి పుట్టదు. మిగిలినవి దాని పనిని కూడ పంచుకొని మోయును. మోసి మోసి అవియు ముందుగా అలసిపోవును. నష్టము మూడు మాసములకు మించి నిలిచినచో వైద్యులు దానిని దీర్ఘవ్యాధిగా పరిగణింతురు. ఆ దశలో తెలిసినచో రక్తపోటును, చక్కెరను అదుపులో నుంచి, నొప్పిమాత్రలు మాని, తగిన మందులతో క్షీణతను చాల సంవత్సరములు మందగింపజేయవచ్చును. తెలియనిచో చికిత్స ప్రారంభమగునది డయాలిసిస్ గదిలోనే.

తెలిసికొనుటకు కావలసినవి రెండే పరీక్షలు: రక్తములో క్రియాటినిన్, మూత్రములో ఆల్బుమిన్ అను మాంసకృత్తు. 1954లో ఢిల్లీలో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకపు డిస్పెన్సరీలో వైద్యునిచే వీనిని వ్రాయించుకొనవచ్చును. ఆసుపత్రిలో చేరి వచ్చినవారు, మధుమేహము, రక్తపోటు ఉన్నవారు, అరువది దాటినవారు ముందుగా చేయించుకొనవలసినవారు. మూత్రపు నమూనా ఉదయము లేచినంతనే ఇచ్చుట మేలు. ముందు రాత్రి మాంసాహారము విశేషముగా తిన్నచో క్రియాటినిన్ కొంత పెరిగి భ్రమపెట్టును.

ఆ అంకెను చదువుటలో ఒక మెలిక యున్నది. క్రియాటినిన్ కండరముల నుండి పుట్టునది గనుక కండ తక్కువైన వారిలో తక్కువగనే యుండును. ముప్పదేండ్ల పురుషునకు 1.2 వచ్చినచో మూత్రపిండముల పని నూటికి ఎనుబదికి పైగా నున్నట్లు లెక్క. అదే 1.2 డెబ్బదిరెండేండ్ల స్త్రీకి వచ్చినచో పని యేబదికి లోపలనే యున్నది. కొన్ని పరీక్షాశాలల కాగితములపై రెండును హద్దులోనే యున్నట్లు అచ్చగును. అందుచేత అంకెను మాత్రమే గాక, వయస్సును, స్త్రీపురుష భేదమును చేర్చి కట్టిన వడపోత లెక్కను కూడ ఇమ్మని అడుగవలెను, అడిగినచో ఇత్తురు.

2020, 2021 సంవత్సరములలో ఆసుపత్రిలో నున్నవారి విడుదల పత్రములు చాల యిండ్లలో ఇప్పటికిని బీరువా అడుగున ఉండియుండును. వానిలో ఆక్సిజన్ అంకెలు చదివినవారు కలరుగాని, రెండవ పుటలో రక్తపరీక్షల వరుసలో నున్న క్రియాటినిన్‌ను చూచినవారు తక్కువ. ఆ కాగితమును వెలికి తీసి, నేటి పరీక్షా ఫలితమును దానితో జతపరచి, రెండింటిని కలిపి వైద్యునికి చూపవలెను.